ముద్దపప్పూ మామగారి పట్టింపూ

మా మామగారి లెక్కలో పప్పు తాగేది. నా లెక్కలో తినేది. ఆయనది ఘాజియాబాద్, నాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా పెళ్ళి కుదిర్చింది దేవుడు కాదు, నోయిడాలో మా ఆఫీసు క్యాంటీన్. అక్కడి పప్పు నాకూ ఆయన కూతురికీ నచ్చక మాటల్లో పడ్డాం. "ఇందులో నీళ్ళెక్కువ" అని నేను, "ఇందులో ఉప్పు తక్కువ" అని ఆమె. ఆమెకి నీళ్ళతో ఏ ఇబ్బందీ లేదని నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది.

పెళ్ళైన కొత్తలో అత్తగారూ మామగారూ నోయిడాలో మా ఫ్లాటుకి మొదటిసారి వచ్చారు. కొత్త అల్లుణ్ణి కదా, నేనే వంటకి దిగాను. వాళ్ళు శాకాహారులు. అందులో మాకేం లోటు? ముద్దపప్పు, పాలకూర పప్పు, ములక్కాడలేసి పప్పుచారు, రోట్లో రుబ్బినట్టే మిక్సీలో బరకగా తిప్పిన కందిపచ్చడి. పప్పులో పప్పు నంజుకునేలా ఉంది ఆ వంట. అమ్మ పంపిన గుమ్మడి వడియాలు కూడా వేయించాను. మామగారు వచ్చి సోఫా అంచున కూర్చుని, "బస్ బేటా, మేం తినే వచ్చాం" అన్నారు. మంచినీళ్ళిస్తే గ్లాసు ముట్టుకోలేదు. సంచిలోంచి తమ సీసా తీసుకుని తాగారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను మద్రాసీననే కదా అనుకున్నాను. తెనాలికీ మద్రాసుకీ ఎంత దూరమో మ్యాపులో చూపిద్దామనుకున్నాను గానీ, కొత్త కాబట్టి ఊరుకున్నాను. ఆ వారమంతా ఆ పప్పులన్నీ నేనూ మా ఆవిడే తిన్నాం.

తెలుగు అల్లుడి చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, అలక. మా వైపు అల్లుడు అలిగాడంటే అత్తవారిల్లు మొత్తం కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంది. బతిమాలతారు, బుజ్జగిస్తారు, ఉంగరమో వాచీయో తెచ్చి పెడతారు. పెళ్ళిలో దానికోసం ప్రత్యేకంగా ఓ పాన్పు కూడా వేస్తారు. కాబట్టి తర్వాత ఘాజియాబాద్ వెళ్ళినప్పుడు నేను కంచం పక్కకి జరిపి, మొహం గోడవైపు తిప్పి, ఆకలి లేదన్నాను. ఇప్పుడు వాళ్ళు బతిమాలాలి. బతిమాలలేదు. అత్తగారు నా మొహంలోకి చూసి, "పాపం, కడుపు బాగాలేనట్టుంది" అని పెసరపప్పు కిచిడీ మెత్తగా వండి తెచ్చారు. మామగారు గోరువెచ్చని నీళ్ళలో ఇసబ్‌గోల్ కలిపి తెచ్చి, తాగేదాకా ఎదురుగా నిలబడ్డారు. అలిగానయ్యా అని నేనే నోరు విప్పి చెప్పుకుంటే ఇక ఆ అలకకి విలువేముంది? తాగాను. ఇసబ్‌గోల్ తన పని తాను చేసింది.

తిరుగుదారిలో మా ఆవిడకి సంగతంతా చెబితే కార్లో పడీ పడీ నవ్వింది. నవ్వడం అయ్యాక చెప్పింది.

"కూతురింట్లో నీళ్ళు కూడా తాగరు. కన్యాదానం చేశాక ఆ ఇంటినుంచి ఏదీ తీసుకోకూడదు. మా తాతా అంతే, ముత్తాతా అంతే. మీ దగ్గర ఉండదా?"

మా దగ్గరెక్కడిది? మా వైపు మామగార్లు కూతురింటికొచ్చి, భోంచేసి, పడుకుని, లేచి, ఉప్మాలో జీడిపప్పు వెయ్యలేదేమని అడుగుతారు. మొత్తానికి నేను పప్పులో కాలేశాను. ఆయనకి నా వంట మీద గానీ నా ఊరి మీద గానీ కోపం లేదు. ఒకసారి అశోకా రోడ్డులో మన తెలుగువాళ్ళ క్యాంటీన్‌కి భోజనానికి తీసుకెళ్తే అది కూతురిల్లు కాదు గనక నిక్షేపంగా కూర్చుని తిన్నారు. కాకపోతే కప్పులో పప్పు చూసి కాసేపు ఆలోచించి, గ్లాసుడు నీళ్ళు అందులో వొంపి, చెంచాతో కలుపుకుని తాగారు. వడ్డించే శ్రీకాకుళం ఆయన బకెట్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఆ పెద్దాయనకేటైనాది బాబూ?" అని నా చెవిలో అడిగాడు.

"ఏమీ కాలేదు, మా మామగారు" అన్నాను.

పోయినేడాది అత్తగారు పోయారు. కొన్నాళ్ళకి మామగారికి గుండెలో స్టెంటు వేశారు, నెయ్యి మానెయ్యమన్నారు. భార్యా లేదు, నెయ్యీ లేదు. పాల సరుకు ఏదీ వద్దని డాక్టర్ గట్టిగా చెప్పాక ఆయన వంట మీద ఆశ పూర్తిగా వదులుకున్నారు. పొద్దున బ్లాక్ టీలో బిస్కెట్లు, మధ్యాహ్నం ఉప్పూ పసుపూ వేసి ఉడికించిన ఏదో పప్పునీళ్ళు, రాత్రికి మిగిలిన బిస్కెట్లు. చొక్కా మెడ దగ్గర వదులైపోయింది. మా ఆవిడ ప్రతి ఫోన్ తర్వాతా వంటింట్లోకెళ్ళి ఏడ్చేది. "మా దగ్గరకొచ్చి ఉండండి పాపాజీ" అని నేనే అడిగాను.

"అక్కడ నేనేం తింటాను బేటా?" అన్నారు. హాస్యానికి కాదు, నిజంగానే అడిగారు.

కూతురింట్లో తినరు, బాగానే ఉంది. మరి ఆయన ఇంట్లో ఆయన తినొచ్చు కదా. అందుకని ఆదివారాలు మేమే ఘాజియాబాద్ వెళ్ళడం మొదలుపెట్టాం. ఆయన వంటింట్లో, ఆయన గిన్నెల్లో, ఆయన డబ్బాలోని కందిపప్పుతో నేను వండేవాణ్ణి. మా ఆవిడకి వంట రాదు, వచ్చని ఎప్పుడూ అబద్ధమాడలేదు కూడా. మామగారు వంటింటి గుమ్మంలో ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుని నా మీద నిఘా పెట్టేవారు.

నెయ్యి లేకుండా పప్పుకి రుచి తేవడం ఆయన దృష్టిలో జరిగే పని కాదు. నేను కందిపప్పుని వట్టి మూకుట్లో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి అప్పుడు ఉడకబెట్టాను. పప్పుగుత్తి లేదు, అత్తగారి మజ్జిగ కవ్వంతోనే ఎనిపాను. నెయ్యి బదులు వాళ్ళింటి ఆవనూనె. దాని వాసన మా వంశంలో ఎవరికీ పడదు, అయినా పొగలొచ్చేదాకా కాచి కాస్త చల్లార్చితే లొంగుతుంది. అందులో చితక్కొట్టిన వెల్లుల్లి, ఎండుమిరపకాయలు, జీలకర్ర, ఇంగువ, కరివేపాకు. గరిటె ఆ పప్పులో నిలబడింది. నాకు గర్వంగా అనిపించింది.

"ఇది దాల్ కాదు, సిమెంట్" అన్నారు మామగారు. లేచి, చెంబుతో నీళ్ళు తెచ్చి గిన్నెలో పోశారు.

నేను తెలుగులో గొణుక్కున్నది ఇక్కడ రాయను. ఆ రోజునుంచి మా మధ్య యుద్ధం. ఆయన చూడనప్పుడు నేను మంట పెంచి నీళ్ళు ఇగరబెట్టేవాణ్ణి. నేను ఉల్లిపాయలు కోస్తుంటే ఆయన చెంబు పట్టుకొచ్చేవారు. మామిడికాయ పప్పు మాత్రం నీళ్ళు పొయ్యకుండా తిన్నారు, పుల్లగా ఉందని. కందిపచ్చడికి పూర్తిగా లొంగిపోయారు. అది పప్పని చెప్పినా నమ్మలేదు. రొట్టెకి రాసుకుని, నాలుగో రొట్టె కూడా కావాలన్నారు. మా ఆవిడ నా వైపు చూసిన చూపుకి ఆ ఆదివారం నేను ఏమడిగినా ఇచ్చేది.

ఓ ఆదివారం పోపు చుయ్‌మనగానే ముందుగదిలో పేపరు చదువుతున్న మామగారు లేచి చేతులు కడుక్కుని వచ్చేశారు. ఇంకా వడ్డించలేదు, ఎవరూ పిలవలేదు. ఆయనే కాస్త సిగ్గుపడ్డారు.

"ఆవిడ పిలిచేది కాదు. ఈ చప్పుడు వింటే వచ్చేవాణ్ణి. నలభై ఏళ్ళ అలవాటు" అన్నారు.

ఆ మాటకి నా మనసు కరిగిపోయింది. ఆ పూట నేనే పప్పులో నీళ్ళు పోసి పెట్టాను.

ఇలా ఆదివారాలు గడుస్తున్నాయి గానీ వారంలో మిగతా రోజులున్నాయి కదా. ఓ బుధవారం ఆయన పొయ్యి మీద కుక్కరు పెట్టి, కాస్త నడుం వాల్చి, నిద్రపోయారు. నీళ్ళిగిరి, పప్పు మాడి, కుక్కరు మూత వాల్వు ఎగిరిపోయింది. చప్పుడు విని పక్కింటి పెద్దాయన పరిగెత్తుకొచ్చి గ్యాస్ కట్టేసి మాకు ఫోన్ చేశాడు. మేం వెళ్ళేసరికి పప్పు గోడలకీ, పైకప్పుకీ, హనుమంతుడి పటానికీ అంటుకుని ఉంది. మామగారు కాలిన చేతికి పసుపు పూసుకుని, రెండో చేత్తో గోడ గోకుతున్నారు.

"హనుమాన్‌జీకి ప్రసాదం అందింది. నాకే అందలేదు" అన్నారు నన్ను చూసి.

మా ఆవిడ నవ్వలేదు. ఆ రోజే బట్టలు సర్ది మా ఫ్లాటుకి తీసుకొచ్చింది. ఆయన వచ్చారు గానీ పట్టింపు కూడా వెంటే వచ్చింది. ఆకలేసినప్పుడల్లా లిఫ్టు దిగి, గేటు దగ్గర అరటిపళ్ళో వేయించిన శనగలో కొనుక్కుని, సొసైటీ పార్కులో బెంచీ మీద కూర్చుని తినేవారు. కుళాయి నీళ్ళు కూడా పార్కులోవే. మేం ముసలాయన్ని ఇంట్లోంచి గెంటేశామని సొసైటీ వాట్సాప్ గ్రూపులో చర్చ మొదలైంది. ఎవరో ఓ ఆంటీ ఆయనకి టిఫిన్ డబ్బా తెచ్చి, మా గురించి నాలుగు మాటలని వెళ్ళింది. ఆ డబ్బాలోది మాత్రం ఆయన సుబ్బరంగా తిన్నారు. ఆవిడ ఆయన కూతురు కాదు కదా. వారం తిరక్కుండా ఆయన ఘాజియాబాద్ వెళ్ళిపోతానన్నారు.

"అయితే మనమే అక్కడికెళ్ళి ఉందాం" అంది మా ఆవిడ.

ఇప్పుడు నా వంతొచ్చింది. ఆ మాట వినగానే నా లోపల తెనాలి మొత్తం లేచి నిలబడింది. ఇల్లరికమా? నేనా? మామగారింట్లో చేరిన అల్లుడంటే మా ఊళ్ళో కుక్క కూడా లెక్కచెయ్యదు. ఇన్నాళ్ళూ ఆయన పట్టింపుని ఎగతాళి చేసినవాణ్ణి, ఆఫీసు దూరమనీ మెట్రో మారాలనీ సాకులు వెతకడం మొదలుపెట్టాను. మా ఆవిడ దగ్గర నా పప్పులుడకలేదు. ఆఖరికి అమ్మకి ఫోన్ చేశాను, వద్దంటుందన్న ధైర్యంతో.

"ఏరా, ఇల్లరికం పోతావా? నలుగురూ అడిగితే నేనేం చెప్పుకోవాలిరా?" అంది అమ్మ, నేను ఆశించినట్టే. మళ్ళీ తనే, "ఆ పెద్దాయన ఇప్పుడేం తింటన్నాడు?" అనడిగింది.

"అరటిపళ్ళు, శనగలు. పార్కులో కూర్చుని."



"వెళ్ళు. వెళ్ళి ముందు కందిపొడి కొట్టి పెట్టు. నెయ్యొద్దన్నారుగా, నువ్వులనూనేసి కలుపు. ఇక్కడ నేను నీకు ట్రాన్స్‌ఫరైందని చెబుతాలే" అంది.

వెళ్ళాం. పై గది మాకిచ్చారు. నేను రోజూ పప్పు వండి ఆఫీసుకి పోతున్నాను. నీళ్ళ యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది. కానీ బయటికెళ్ళినప్పుడల్లా వీధిలో తల దించుకునే నడిచేవాణ్ణి. ఇల్లరికం వచ్చిన అల్లుడికి ఆ వైపు కూడా పేరుంది, ఘర్ జమాయీ. మన మాటకన్నా అందులో వెక్కిరింత ఓ పాలు ఎక్కువే. ఎవరైనా ఆ మాట అంటారేమోనని నాకు లోపల్లోపల బెదురుగా ఉండేది.

అన్నారు. ఓ ఆదివారం మధ్యాహ్నం నేనూ మామగారూ భోజనాలకి కూర్చున్నాం. పక్కింటి పెద్దాయన, అదే కుక్కరు రోజున పరిగెత్తుకొచ్చినాయన, ఏదో పనిమీద వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయనా మామగారి తరం మనిషే. మీరట్‌లో ఉన్న కూతురింటికి వెళ్ళినప్పుడు నీళ్ళ సీసా పట్టుకెళ్ళే రకం. నా కంచంలో ముద్దపప్పు చూశాడు, నన్ను చూశాడు.

"క్యా దామాద్ జీ, ఘర్ జమాయీ అయిపోయినట్టేనా?" అని పెద్దగా నవ్వాడు.

నేనూ ఓ వెర్రినవ్వు నవ్వాను. కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోలేక కంచంలో వదిలేశాను. మామగారు తింటున్నవారు తల ఎత్తకుండానే జవాబిచ్చారు.

"ఎవరు ఘర్ జమాయీ? ఇల్లు వీళ్ళది. నేను వీళ్ళ దగ్గర ఉంటున్నాను."

పక్కింటాయన నవ్వు ఆగిపోయింది. ఆ మాటకి అర్థం ఏమిటో ఈ వీధిలో ఆయనకన్నా బాగా తెలిసినవాడు లేడు.

"కూతురింట్లోనా?" అన్నాడు గొంతు తగ్గించి. "మరి భోజనం?"

మా ఆవిడ రొట్టెల గిన్నెతో గుమ్మంలోనే ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవాలని కూడా అనిపించలేదు. మామగారు ఆయనవైపే చూస్తూ, ఖాళీ అయిన గిన్నె నా ముందుకి జరిపారు.

"తింటున్నాను, కనబడటం లేదా?" అని, నాతో "ఇంకొంచెం వెయ్యి బేటా" అన్నారు.