తలకిందుల చదువు

పెరియనాయగికి చదువు వచ్చు. ఆ మాట మొగుడు నమ్మలేదు, ఊరు నమ్మలేదు, సర్కారు అసలే నమ్మలేదు. అయినా వచ్చు.

అరవదేశంలో కోవిల్‌పట్టికి తూర్పున, పుదూరు దారిలో, నల్లరేగడి నేలల మధ్య ఉన్న ఆ ఊళ్లో బడి అంటే కుళందైసామి ఇంటి వీధరుగు. అతన్ని అన్నావి అని పిలిచేవారు. ఆ వైపు అరుగు బడి పంతుళ్లకు అదే పేరు. పలకల్లేవు, పుస్తకం ఒక్కటే. పిల్లలు వీధి వైపు ముఖం పెట్టి వరసగా కూర్చుని, ముందు పరిచిన ఇసకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. పొద్దున అందరికన్నా ముందొచ్చినవాడి అరచేతిని బెత్తంతో ఊరికే తాకి వదిలేవాడు అన్నావి. రెండోవాడికి ఒక దెబ్బ, మూడోవాడికి రెండు, ఆఖరివాడి సంగతి ఇక చెప్పక్కర్లేదు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు పాఠం చెబుతుంటే తను కునుకు తీసేవాడు. పిల్లల చేత పిల్లలకు చెప్పించే ఈ పద్ధతినే ఒకప్పుడు ఓ తెల్లదొర చెన్నపట్నంలో చూసి, ముచ్చటపడి, తన దేశానికి పట్టుకుపోయాడు. అక్కడ దాంతో బోలెడు బడులు పెట్టారు. ఏడు సముద్రాలు దాటిన చదువుకి ఇక్కడ అరుగు దిగి వీధిలోకి రావడం మాత్రం చేతకాలేదు. ఆ వీధిలోనే పెరియనాయగి నిలబడేది.

ఆమెది చేరి. ఊరికి ఎడంగా కూలీల గుడిసెలున్న చోటది. అక్కడివాళ్లు ఊరి అరుగులు ఎక్కకూడదు. బడికి ఇసక తెచ్చేది మాత్రం వాళ్లే. ఇసకకు అంటని మైల మనిషికి ఎలా అంటిందో ఆ ఊరి పెద్దలనే అడగాలి. పదేళ్ల వయసు నుంచీ పెరియనాయగి వాగులో ఇసక జల్లించి, రాళ్లూ ముళ్లూ ఏరి, గంపతో తెచ్చి వీధిలో పోసేది. పిల్లలు దాన్ని పైకెత్తుకుని పరుచుకుని దిద్దుతుంటే కాసేపు అరుగుకి ఎదురుగా నిలబడేది.

నిలబడ్డ ఆ కాసేపట్లోనే నేర్చుకుంది. పిల్లలు 'అ' అని అరిస్తే వాళ్ల వేళ్ల కింద పుట్టిన గీతను కళ్లతో పట్టుకునేది. ఇంటికొచ్చి వాకిట్లో అచ్చం అలాగే గీసుకునేది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చెప్పేది అరవం. అయితేనేం, నాలుగేళ్లకు అక్షరాలన్నీ వచ్చేశాయి. అన్నావి ఇదంతా చూశాడు. తనకు నష్టం లేనంతసేపు అతను మంచివాడే. ఒకటి రెండుసార్లు ఆమెకు కనబడేలా పిల్లల చేత పెద్దపెద్దగా దిద్దించాడు కూడా.

పెళ్లయ్యాక మొగుడు కాళిముత్తుతో విరుదునగర్ వెళ్లినప్పుడు అసలు సంగతి తెలిసింది. అతను మిరపకాయల మండీలో మూటలు మోసేవాడు. బజారు నిండా బోర్డులే, ఒక్కటీ బోధపడలేదు. ఇదేదో వేరే భాష కాబోలనుకుంది. ఇంతలో ఎవరో తలకిందులుగా నిలబెట్టిన గోనెమూట కంటబడింది. దాని మీది అక్షరాలు గడగడా చదివేసింది.

"ఏమయా, ఈ మూటలో ఉండేది సాత్తూరు మిరపకాయ."

"మూటేమో తలకిందులా ఉండాది, నువ్వు నేరుగా ఉండావు. ఎట్ల సదివితివే?" అని కాళిముత్తు పడీపడీ నవ్వాడు.

ఎదురుగా నిలబడి నేర్చుకోవడాన తన చదువు తలకిందులుగా వచ్చిందని ఆమెకు అప్పుడర్థమైంది. సిగ్గేసింది. సిగ్గు కన్నా ఎక్కువ కడుపు మండింది. తనకు పుట్టే బిడ్డ కూర్చుని, నేరుగా, అందరిలా చదవాలని అక్కడే గట్టిగా అనుకుంది.

ఆ బిడ్డ వళ్ళి. దానికి ఏడేళ్లు నిండిన ఏడు, అంటే పందొమ్మిది వందల ముప్ఫయ్యారులో, చేరిలో బడి పెట్టే పని మీద ఒక బళ్ల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. అంతకు ముందేడు పంపిన పంతులు చేరిలో కాపురం ఉండలేనని మూడోరోజే ఉడాయించాడు. ఈసారి చేరిలోనే చదువొచ్చినవాళ్లు ఒక్కరుంటే, ఆడమనిషైనా సరే, వాళ్లతోనే బడి నడిపిస్తామన్నాడు. లేకపోతే ఆ బడి ఇంకో ఊరికి పోతుంది. వేపచెట్టు కింద అతనికి బల్ల వేశారు. పక్కన ఊరి మోతుబరి తిరుమలసామి నాయకర్, ఆయన వెనక అన్నావి. బడికెళ్లే పిల్లలు పత్తి ఏరడానికి రారని నాయకర్ బెంగ. అమ్మ పెట్టాపెట్టదు, అడుక్కు తినానివ్వదు. కాళిముత్తు అప్పటికి మండీ వదిలేసి ఆయన దగ్గరే పాలేరుగా ఉన్నాడు.

"నేను సదువుతాను సామీ," అంటూ పెరియనాయగి ముందుకొచ్చింది.

ఇన్‌స్పెక్టరు వాచకం చేతికిచ్చాడు. ఆమె దాన్ని తలకిందులుగా తిప్పి పట్టుకుంది.

ఒక్కసారిగా నవ్వులు. "ఉట్టికెక్కలేనమ్మ సర్గానికెక్కినట్లుండాదే! పొస్తకం ఎట్ల పట్టుకునేదో తెలీదు, ఇది పంతులమ్మంట!" అన్నాడు నాయకర్. చేరివాళ్లు కూడా నవ్వారు, ఆమెకు అదే ఎక్కువ గుచ్చుకుంది. అయినా వేలిని కుడి నుంచి ఎడమకు జరుపుతూ, "వాన కురిసింది, చెరువు నిండింది, కొంగ వచ్చింది," అని తప్పు లేకుండా చదివింది. నవ్వులు ఆగిపోయాయి.

"ఎవరు నేర్పారు?" అని ఇన్‌స్పెక్టరు అరవంలో అడిగాడు.

"అన్నావి పళ్ళికూడంలో సామీ. ఇసక పోసి ఎదురుగా నిలబడుకుంటి. అందుకే తలకిందులా వచ్చింది. కావల్నంటే అన్నావినే అడగండి."

అందరూ అన్నావి వైపు చూశారు. నాయకర్ కూడా చూశాడు. అవునంటే రేపటి నుంచి తన అరుగు మీద ఒక్క పిల్లాడూ ఉండడని అన్నావికి తెలుసు.

"దీనికి నేనేల నేర్పుతాను సామీ?" అన్నాడు నేల చూస్తూ. "ఆ వాచకం పిల్లోళ్లు దినమూ అరిసేదే. విని విని బట్టీ పట్టుండాది."

ఇన్‌స్పెక్టరుకు ఆ మాట సులువుగా తోచింది. ఎండ ముదురుతోంది, భోజనం నాయకర్ ఇంట్లో. "వేరేదేదైనా ఇచ్చి సదివించండి సామీ," అని ఆమె బతిమాలుతుండగానే కాగితం తీశాడు. కింద చేరి తరఫున వేలిముద్ర పడాలి గనక ఇంగ్లీషులో కాకుండా అరవంలోనే రాయడం మొదలుపెట్టాడు. ఆమె బల్లకు ఇవతల, అతనికి ఎదురుగా నిలబడి ఉంది. కలం కదులుతుంటే దాని వెనకే ఆమె గొంతు కదిలింది.

"ఈ చేరిలో... అక్షరం తెలిసినవారు... ఒక్కరూ... లేరు."

కలం ఆగింది. అది ఏ పిల్లాడి నోటా విని బట్టీ పట్టిన మాట కాదు, దాని సిరా ఇంకా ఆరనైనా లేదు. ఇన్‌స్పెక్టరు తలెత్తి ఆమెను చూశాడు. ముంజేతి కంకణానికి అద్దమెందుకు, అతనికి అంతా తెలిసిపోయింది. అన్నావి తలెత్తలేదు.

"సార్, సాపాటు సల్లారిపోతా ఉండాది," అన్నాడు నాయకర్.

ఇన్‌స్పెక్టరు వాక్యం చివర చుక్క పెట్టి సంతకం చేశాడు. తర్వాత, ఆమెకు వీలుగా ఉంటుందని, కాగితాన్ని మర్యాదగా ఆమె వైపు తిప్పి సిరా డబ్బీ జరిపాడు.

తిప్పేసరికి అందులో ఒక్క అక్షరం కూడా ఆమెకు తెలియలేదు. నాయకర్ ముఖం చూసి, కాళిముత్తే ఆమె బొటనవేలు పట్టుకుని ముద్ర వేయించాడు.