సంకన బిడ్డ, నడుమున పిస్తోలు

మా బిడ్డకు రెండేళ్లు నిండకముందే నా నడుముకు పిస్తోలు వచ్చింది. డిగ్రీ చదివి కానిస్టేబుల్‌గా చేరినదాన్ని. ప్రసవం సెలవు ముగించుకుని వెళ్లాక ఒక మహిళా ప్రజాప్రతినిధికి రక్షణగా నన్ను వేశారు. ఆమెను అందరం మేడమ్ అంటాం. సభలకు, పెళ్లిళ్లకు, పరామర్శలకు ఆమె ఎక్కడికి వెళ్లినా వెనక మామూలు బట్టల్లో ఒక గన్‌మెన్ ఉండాలి. ఆ గన్‌మెన్‌ని నేనే. పర్యటన ఆలస్యమైన రోజు ఆయుధం అప్పగించడానికి జిల్లా కేంద్రం దాకా వెళ్లడం కుదరదు. అనుమతితో కొత్తకోటలోని మా కిరాయి ఇంటికే తెచ్చుకోవాలి.

మొదట నాకిచ్చింది పెద్ద పిస్తోలు. దాని కవరు బట్టది, పైన ఒక ప్రెస్ బటన్. ఎంత వదులు కుర్తా వేసినా నడుము దగ్గర పొడుచుకుని కనిపించేది.

ఒక సాయంత్రం ఎడమ చేతిలో కూరగాయల సంచితో ఇంటికొచ్చాను. గడప దగ్గరే బిడ్డ చేతులు చాచింది. ఎడమ చేయి ఖాళీ లేక పిస్తోలున్న కుడి వైపే సంకకు ఎత్తుకున్నాను. దాని మడమ జారి కవరుకు తగిలింది. టప్‌మని బటన్ ఊడింది. అంతకుమించి ఏమీ జరగలేదు. పిస్తోలు కవరులోనే ఉంది, లోపల తూటా ఎక్కించి కూడా లేదు. కానీ ఆ చప్పుడు బియ్యం ఏరుతున్న మా అత్తమ్మ దాకా వెళ్లింది.

"గదేంది పిల్లా, ఊడింది?"

"ఏం కాదత్తమ్మా. బటనే."

"ఇయ్యాల బటన్. రేపు?" చాట పక్కన పెట్టి బిడ్డను నా సంకలోంచి తీసుకుంది. "నీ నౌకరి నువ్వు చేసుకో, నేను వద్దంటలేను. గా సామాను గిట్లనే ఇంటికొస్తే మాత్రం పిల్లను తీస్కొని మోత్కూర్ పోత. ఆడ మా తమ్ముని ఇంట్ల ఉంటం."

మాటలతో ఆగలేదు. బిడ్డ గౌన్లు, దుప్పటి, పాల గ్లాసు ఒక గుడ్డ సంచిలో సర్ది తలుపు పక్క మేకుకు తగిలించింది. నా భర్త విత్తనాల వ్యాపారం పని మీద వారంలో సగం రోజులు ఊళ్లు తిరుగుతారు. అత్తమ్మ వెళ్లిపోతే బిడ్డ ఆమెతో వెళ్లాల్సిందే, లేదా నేను ఈ డ్యూటీ వదులుకోవాల్సిందే. వదులుకోవడం నాకిష్టం లేదు. గుంపులో మేడమ్ భుజం వెనక నిలబడి, ఎవరి చేయి ఎటు కదులుతుందో చూస్తూ ఉండే ఆ పని నాకు బాగా వచ్చు.

ఆయుధాల గది చూసే హెడ్ కానిస్టేబుల్ దగ్గరికి వెళ్లాను.

"చిన్నది కావాలె సార్. ట్రిగర్ పూర్తిగా మూసే గట్టి కవరు కూడా."

"ఎంత చిన్నది?"

"బిడ్డను ఎత్తుకుంటే అడ్డం రానంత."

"గన్ను బిడ్డకు అడ్డం రావొద్దా, బిడ్డ గన్నుకు అడ్డం రావొద్దా?" అని నవ్వుతూనే రెండు పిస్తోళ్లు తీశాడు. మ్యాగజైన్లు బయట పెట్టి, లోపల ఖాళీ అని తను చూసి, నాకూ చూపించాడు. రెండూ డబుల్ యాక్షన్‌వే. వాటిలో తూటాను పేల్చే హామర్ కిందికే ఉంటుంది. మొదటి గుండుకు ట్రిగర్‌ను బరువుగా, చాలా దూరం లాగాలి. చిన్న తాకిడికి పేలదు. అలాగని ఆ బరువును నమ్ముకుని కవరు లేకుండా తిరగకూడదు.

మొదటిది అరచేతిలో దాగేంత చిన్నది. చూడగానే మనసు దాని మీదికే పోయింది. పట్టుకుంటే చిటికెన వేలికి ఆధారం లేదు, ఇసుక మూటల వైపు పెట్టి ఖాళీ ట్రిగర్ లాగితే మొన కిందికి వంగిపోయింది. రెండోది కొంచెం పెద్దది. పిడి చేతి నిండా కూర్చుంది, వేలు ట్రిగర్‌కు బాగా అందింది. మళ్లీ మొదటిది తీశాను, మళ్లీ రెండోది.

"ఏందమ్మా, నారాయణపేట చీరలు చూసినట్టు చూస్తున్నవ్. బార్డర్ నచ్చలేదా?"

"చీరైతే తెల్లారి మార్చుకోవచ్చు సార్."

రెండోదే తీసుకున్నాను. కాల్పుల మైదానంలో కాల్చి చూశాక, కుర్తా కింద ప్యాంటుకు మందమైన తోలు బెల్టు వేసి కుడి నడుముకు బిగించాను. వంగి చూశాను, కూర్చుని చూశాను, జీపు ఎక్కి దిగాను. కదల్లేదు.

ఇంట్లో వెనక గది గోడకు ఇనుప పెట్టె బిగించారు. తూటాలకు వేరే తాళంతో ఇంకొకటి. కొత్త కవరు చూపించి అంతా అత్తమ్మకు వివరించాను. ఆమె మొత్తం విని పెట్టెను కాదు, గడపను చూసింది.

"అంత మంచిగనే ఉంది. కానీ పెట్టె కాడికి పోకముందే పిల్ల నీ మీదికి ఎక్కుతది. అప్పుడెట్ల?"

కవరు గురించి అంత ఆలోచించాను, గడప గురించి ఆలోచించలేదు.

దారి కూడా ఆమే చెప్పింది. "పిల్ల పుట్టినప్పుడు బయటికెల్లి వస్తే ఏం చేసేటోళ్లం? కాళ్లు చేతులు కడిగినంకనే ముట్టుకున్నం. మీ ఆయనను కూడ ముట్టనియ్యలేదు. గదే మళ్ల పెడదాం."

అప్పటి నుంచి ముందు తలుపు నాది కాదు. పక్క సందులోంచి వెనక గదిలోకి వెళ్తాను. తలుపు గొళ్లెం పెట్టి, ఇసుక బకెట్ వైపు మొన తిప్పి మ్యాగజైన్ తీస్తాను, లోపల ఖాళీ చూస్తాను, వేలు పెట్టి ఇంకోసారి చూస్తాను. పిస్తోలు ఒక పెట్టెలో, తూటాలు ఇంకో పెట్టెలో. తాళాలు వేసి తొట్టి దగ్గర కాళ్లు కడుక్కుంటాను. నీళ్ల చప్పుడు వినపడితేనే అత్తమ్మ బిడ్డను వదులుతుంది.

మొదట్లో బిడ్డ తలుపు అవతల బాగా ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చేది. మెల్లగా అలవాటు పడింది. ఇప్పుడు బయటి నుంచి ఎవరొచ్చినా చేతులు వెనక్కి దాచుకుని "కాల్లు?" అని అడుగుతుంది. మొన్న వాళ్ల నాన్న బండి దిగి ముద్దు పెట్టుకోబోయి వంగితే ఆయన్నీ అడిగింది.

"గన్‌మెన్ మీ అమ్మనా, నువ్వా?" అంటూ ఆయన తొట్టి దగ్గరికి నడిచారు.

నిన్న పొద్దున డ్యూటీకి బయల్దేరుతుంటే అత్తమ్మ గుడ్డ సంచి ఒకటి నా చేతికిచ్చింది. "వచ్చేటప్పుడు ఉల్లిగడ్డలు తే. చిన్నయి తేకు."

తలుపు పక్కన మేకు ఖాళీగా ఉంది. గౌన్లు ఎప్పుడు తీసి అల్మారాలో పెట్టిందో నేను గమనించనే లేదు.