యాకమ్మ పిడికెడు బియ్యం

కేసముద్రం మార్కెట్ యార్డులో ధాన్యం చెరిగే యాకమ్మకు విమానం ఎక్కాలన్న కోరిక ఏనాడూ లేదు. ఎక్కించింది పిడికెడు బియ్యం. పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు దేవుని పేర తీసి రేకు డబ్బాలో వేయడం, ఆదివారం ఆ బియ్యం గుడికి మోసుకుపోవడం మా వైపు చర్చి ఆడవాళ్ల అలవాటు. వాటితో లేనివాళ్ల ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది. అందరూ వేస్తారు, అందరూ అప్పుడప్పుడూ మరిచిపోతారు. యాకమ్మ మాత్రం ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క పూట మరవలేదు. ఇంట్లో గింజ లేనినాడు గోడవతలి ఫరీదా దగ్గర బదులు తెచ్చి, అందులోంచి కూడా తీసింది. అంత మొండి మనిషి.

హైదరాబాదులో తెలంగాణ మార్చ్ జరిగిన మరుసటి నెల, న్యూజిలాండ్‌లో, మా చర్చి కూడా చేరిన ఆంగ్లికన్ సంఘాల పెద్దల ప్రపంచ సభ పెట్టారు. ఈ పిడికెడు బియ్యం సంగతి చెప్పడానికి ఒకరిని పంపమన్నారు. పాస్టరుగారు యాకమ్మ పేరు ఇచ్చి, అక్కడ ఆమె చదవాల్సిన మాటలు కూడా తనే రాసిపెట్టారు. "ముప్పదియొక్క సంవత్సరములుగా ఒక్క దినమైనను తప్పక" అంటూ నడిచే కాగితం అది.

"నాకు నోరు తిరుగుతలేదే ఫరీదా. తప్పు చదివితె నవ్వుతరు," అంది యాకమ్మ, ఇంటి తాళంచెవి చేతికిస్తూ.

"మార్చ్‌ల గంతమంది మన మాటనే మాట్లాడిండ్రు గద అక్కా, ఎవరన్న నవ్విండ్రా? ఫికర్ చెయ్యకు. కోళ్లను నేను చూస్కుంట."

యాకమ్మ బెంగ కోళ్ల గురించి కాదు. పోయి వచ్చేదాకా పదమూడు రోజులు. అన్ని రోజులూ వేరేవాళ్లు వండిపెడతారు, మరి పిడికెడు ఎక్కడినుంచి తీయాలి? అందుకే చేతిసంచిలో కిలో బియ్యం, ఒక ఖాళీ డబ్బా పెట్టుకుంది. విమానంలో భోజనం పెట్టినప్పుడల్లా పిడికెడు తీసి డబ్బాలో వేసింది. ఇంగ్లీషులో చెప్పడానికి తోడు వచ్చిన ప్రత్యూష చూసి నవ్వుకుందే తప్ప వద్దనలేదు. ఆ దేశం రూలు పాపం ఆమెకూ తెలియదు.

ఆక్లండ్‌లో దిగగానే సంచి తెరిపించారు. బయటి గింజ ఆ దేశంలోకి రాకూడదట. ప్రత్యూష బతిమాలితే జరిమానా లేకుండా వదిలారు గానీ, బియ్యం మాత్రం మర్యాదగా సారీ చెప్పి మరీ పట్టుకుపోయారు.

ఆ సాయంత్రం యాకమ్మ ముద్ద ముట్టలేదు. "తప్పింది బిడ్డా. ఇన్నేండ్లకు ఇయ్యాల తప్పింది. ఇగ గా కాగితం ఎట్ల చదువాలె?"

"ఎవరికి తెలుస్తది అవ్వా?"

"నాకు తెల్వదా?"

మూడోనాడు ఆమె వంతు వచ్చింది. ఎదురుగా ఎన్నెన్నో దేశాల బిషప్పులు. యాకమ్మ కాగితం విప్పి, మళ్లీ మడిచింది.

"ఒక్క దినం తప్పలేదని గీ కాగితంల రాసిండ్రు. గది నిజం కాదు. మీ దేశంల దిగినకాడి నుంచి నేను పిడికెడు తియ్యలే. బియ్యం గుంజుకున్నరు. అడగకుంట తెచ్చుడు నాదే తప్పు. నా మొక్కు తప్పింది, మాఫ్ చెయ్యుండ్రి."

ప్రత్యూష ఆ మాటలే ఇంగ్లీషులో చెప్పింది. ఎవరూ నవ్వలేదు. వెనక వరుసలో ఒక ముసలి బిషప్పు లేచి నిలబడ్డాడు, ఆయన్ని చూసి మిగతావాళ్లూ లేచారు. యాకమ్మకు అది గొప్పగా తోచలేదు. వాళ్లు లేచినంత మాత్రాన తప్పిన పిడికెడు తిరిగొస్తుందా?

కేసముద్రం చేరిన రోజు సంచి కింద పెట్టకుండానే వంటింట్లోకి నడిచింది. గుడిలో పోసి ఖాళీగా పెట్టిపోయిన రేకు డబ్బా మూతదాకా నిండి ఉంది.

"నా ఎసట్ల పోసెటప్పుడు నీ పేరు మీద పిడికెడు తీసి గిండ్ల ఏసిన," అంది వెనక నుంచి ఫరీదా. "రెండు పూటల, ఒక్కనాడు తప్పలే. నా చెయ్యి జర పెద్దది అక్కా, ఎక్కువనే పడ్డయి."

యాకమ్మ డబ్బా ఒళ్లో పెట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, కొంగుతో కళ్లు తుడుచుకుని ఫరీదా చెయ్యి పట్టుకుంది.

"ఎంత పని చేసినవే! గంతమంది బిషప్పుల ముందట నిలవడి అబద్ధం చెప్పొచ్చిన."