చాచా తెచ్చిన రెండో సీసా

ఆళ్లగడ్డ తేనె చాచా పోయిన శుక్రవారం కన్నుమూశారు. నేను నంద్యాలలో, మా కాలేజీ ప్రాక్టికల్ క్లాసులో ఉండగా చాచీ ఫోన్ చేసి రెండు ముక్కల్లో చెప్పింది. పిల్లల్ని పంపేసి ల్యాబుకు తాళం వేశాను.

చాచా నల్లమల కొండచరియల్లో తాడు కట్టుకుని దిగి తేనె తీసేవారు. ప్రతి పట్టులోనూ కొంత ఈగలకే వదిలేసేవారు. "అంతా మనమే తెచ్చుకుంటే అవి ఏం తిని బతకాల?" అనేవారు. తేనెలో బెల్లం పాకం కలిపేవాళ్లను తిట్టడం ఒక్కటే ఆయనకున్న దుర్గుణం. ఆ తిట్లు ఇక్కడ రాయలేను.

కొండ తేనెటీగ జన్యుక్రమం చదివే పని మాది. అంటే ఆ ఈగ పుట్టుక రాతను మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదవడం. చాచాకు స్పిరిట్ సీసా ఇచ్చి, నాలుగు ఈగలను అందులో వేసి తెమ్మన్నాను. తెచ్చిన సీసా నిండా తేనె, తేనెలో ఈగలు. మూత తీస్తే సారాయి వాసన కొట్టిందట, అలాంటిది ఇంట్లో పెట్టుకోలేక పారబోశారట. తేనెలో వేసింది ఏదీ చెడదని ఆయన ధీమా. ఈగలు చెడలేదు, నిజమే. కానీ తేనెలో ఎన్నో ఈగల జాడలు కలిసి ఉంటాయి, ఒక్కదాని రాతను విడదీసి చదవలేం. నాలుగు రోజులు పోతే ఈగలు పట్టులు వదిలి వలస వెళ్లిపోతాయి, ఏడాది పని వృథా. నాకు ఒళ్లు మండింది. చదువు లేనివాళ్లను నమ్మడం నాదే తప్పని ఆయన ముఖం మీదే అనేశాను.

చాచా కోపపడలేదు. "ఇంగో సీసా ఇయ్యి పాపా. ఈసారి ఇంటి బయట గోడ మింద పెట్టుకుంటాలే," అన్నారు. మూడో రోజుకే నేను అడిగినట్టు తెచ్చారు. కుంటుతున్నారేమని అడిగితే వయసైందన్నారు. నమ్మేశాను.

ఆ రెండో సీసాలోని ఈగతోనే చదవడం పూర్తయింది. ఆళ్లగడ్డ వెళ్లి ఆ మాట చెప్పి, క్షమాపణ అడగాలని రోజూ అనుకునేదాన్ని. సిగ్గుతో రోజూ వాయిదా వేశాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

చివరికి ఆయన పోయాక వెళ్లి, చాచీకి చెప్పాను. ఆమె అంతా విని, చాప నా వైపు జరిపింది.

"ఆ రెండోతూరి బండ మింద జారినాడు పాపా. ఎడమ మోకాలు పోయింది. రోజూ కాపడం పెడతాంటి. నీకు మాత్రం చెప్పొద్దనె, బాధపడతాదని."

గడప పక్కన ఆయన చెప్పులు ఉన్నాయి. కుడిది పల్చగా అరిగి మడమ దగ్గర చిల్లు పడింది. ఎడమది ఇంకా కొత్తగానే ఉంది.