వేరే గ్లాసు

ఇంట్లో పాలుండేవి, టీపొడి ఉండేది, పంచదార రేషన్లో వచ్చేది. అయినా ప్రతి శనివారం మధ్యాహ్నం మంచి చీర కట్టుకుని, మొహానికి పౌడరు రాసుకుని, బస్టాండు హోటలుకు నడిచి వెళ్ళి టీ తాగి వచ్చేదాన్ని. ఇంట్లో ఉన్నదానికి బయట డబ్బులు తగలెయ్యడం ఏమిటని మా క్వార్టర్ల లైనులో అడగని మనిషి లేడు. చల్లగాలికని ఒకరికి చెప్పేదాన్ని, కాలక్షేపానికని ఇంకొకరికి. అసలు సంగతి కక్ష. ఒక మనిషి మీద పెట్టుకున్న కక్షతో నేను ఏళ్ళ తరబడి టీ తాగాను.

మాది విజయనగరం వైపు. మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. బస్తర్ కొండల్లో తవ్విన ఇనప రాయిని విశాఖపట్నం రేవుకు చేరవేసే లైను మీద పనిచేశాడు. నేను జగదల్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగాను. బడిలో హిందీ, సంతలో హల్బీ, ఇంట్లోనూ చర్చిలోనూ తెలుగు. పెళ్ళయ్యాక అదే లైను చివరికి, కొండ కింద గని టౌన్‌షిప్‌కు కాపురానికి వచ్చాను. మా ఆయన వర్క్‌షాపులో డంపర్లు బాగుచేసే మెకానిక్కు. వాళ్ళదీ మాలాగే చర్చి కుటుంబం. అదంతా ఎర్రదుమ్ము ఊరు. తెల్ల లుంగీ తీగ మీద ఆరేలోపు ఇటుక రంగుకు తిరిగేది.

మా ఆయనకు ఫోర్‌మన్‌గా ప్రమోషన్ వచ్చిన ఏడాది నాకు లేడీస్ క్లబ్బు నుంచి పిలుపు వచ్చింది. శనివారం మధ్యాహ్నాలు క్లబ్బు లాన్లో కుర్చీలు వేసి టీ ఇచ్చేవారు. వర్క్‌షాపు పెద్ద ఇంజనీరు గారి భార్య, అంటే మా ఆయన పైఅధికారి భార్య, ఆ క్లబ్బుకు ప్రెసిడెంటు. కోస్తా జిల్లాల ఆవిడ. బెంగాలీలు, బీహారీలు, మరాఠీల మధ్య తెలుగు మాట్లాడేది ఆమె ఒక్కతే. నాకు అదే పెద్ద సంబరం. వారంలో ఒక్క పూటైనా ఇంటి బయట తెలుగులో నాలుగు మాటలు చెప్పుకోవచ్చని, పెళ్ళినాటి పట్టుచీర దులిపి కట్టుకుని వెళ్ళాను.

ట్రే నిండా గులాబీ పూల కప్పులు వచ్చాయి. అందరూ తలొకటి తీసుకుంటున్నారు. నేనూ చెయ్యి చాపాను. ప్రెసిడెంటుగారు నవ్వుతూనే నా చేతికి తగలకుండా వేలు అడ్డం పెట్టి ఆపింది.

"ఆ కప్పు కాదమ్మాయ్. నీకు వేరే గ్లాసు పెట్టించాను. ఏమీ అనుకోకు, మన వైపు సంగతులు నీకు తెలియనివి కావుగా."

ఎంత తియ్యగా అంది! ఎవరైనా చూస్తే చెల్లెలి చీర మెచ్చుకుంటోంది అనుకుంటారు. పక్కనున్న బెంగాలీ ఆవిడ, మా ఆయనతోపాటు పనిచేసే ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు భార్య, ఏమంటున్నారని కుతూహలంగా హిందీలో అడిగింది. "ఏం లేదు, మా ఊరి ముచ్చట్లు" అని ప్రెసిడెంటుగారు హిందీలో జవాబిచ్చింది. అందరూ నవ్వారు. మేమిద్దరం అప్పుడే ఇంత కలిసిపోయామని వాళ్ళ సంతోషం.

స్టీలు గ్లాసు విడిగా వచ్చింది. నా కుర్చీ పక్కన గడ్డి మీద పెట్టారు. నేను ముట్టుకోలేదు. మీగడ కట్టి, చల్లారి, అందులో ఒక చీమ పడి తేలేదాకా చూస్తూ కూర్చున్నాను. ఆ మాట హిందీలో అని ఉంటే అక్కడే కడిగేసేదాన్నేమో. నేను వినాలని ముచ్చటపడి వెళ్ళిన భాషలో అనేసరికి లేచి వచ్చేశాను.

ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. నడుచుకుంటూ బస్టాండు దాకా వచ్చాను. అక్కడ రేకుల కప్పు కింద ఒక టీ హోటలు ఉండేది. నడిపేది తెలంగాణ సరిహద్దులోని తర్లగూడ నుంచి వచ్చిన ఒక ఆడమనిషి. భర్త లారీ ప్రమాదంలో పోతే ఇక్కడికొచ్చి పొయ్యి పెట్టుకుంది. గోండీ, హల్బీ, హిందీ, తెలుగు నాలుగూ ఒకే గొంతుతో అరిచేది. ఆడవాళ్ళు ఆ హోటల్లో కూర్చోవడం ఎవరూ చూసి ఎరగరు. పట్టుచీరతో నేను బెంచీ మీద కూలబడేసరికి లారీ డ్రైవర్లు మాటలు ఆపేశారు.

"ఏంది వదినె, గట్ల ఉన్నవు? ఎవలన్న ఏమన్నరా?" అంది ఆమె.

"టీ ఇవ్వు" అన్నాను.

డ్రైవర్లు తాగుతున్న గాజు గ్లాసుల్లోంచి ఒకటి తీసి, కడిగి, టీ పోసి నా చేతికి ఇచ్చింది. నేను తాగి పెట్టిన గ్లాసును మళ్ళీ కడిగి పక్కవాడికి పోసింది. ఆ టీకి ఎంత ఇచ్చానో ఇప్పుడు గుర్తు లేదు. అంత విలువైన వస్తువు నా జీవితంలో ఇంకొకటి కొనలేదని మాత్రం తెలుసు.

ఆ సాయంత్రం మా ఆయనకు జరిగింది చెప్పాను. ఆయన బూట్లు విప్పుతూ తల ఎత్తలేదు.

"ఊరుకోయే. ఆళ్ళు మన పైవోళ్ళు. గ్లాసైతే ఏటి, కప్పైతే ఏటి? టీ ఒకటే కదా."

"టీ ఒకటే అయితే గ్లాసులు రెండెందుకయినాయి?"

ఆయన భయస్థుడు కాదు. తండ్రి, తాత అలాంటివి మింగి బతికినవాళ్ళు కాబట్టి అదో పెద్ద విషయంగా తోచలేదు ఆయనకు. నాకు తోచింది.

మరుసటి శనివారం క్లబ్బుకు వెళ్ళలేదు. సరిగ్గా క్లబ్బు వేళకు హోటలుకు వెళ్ళి రోడ్డువైపు బెంచీ మీద కూర్చున్నాను. ఆఫీసర్ల బంగళాల నుంచి క్లబ్బుకు జీపు ఆ దారినే పోవాలి. పోయింది. ప్రెసిడెంటుగారు నన్ను చూసింది. నేను గ్లాసు కాస్త పైకెత్తి, ఆమెను చూస్తూ తాగాను. ఆమె మొహం తిప్పుకుంది. ఒంట్లో వేడి పుట్టినట్టయింది. ఆ సుఖం కోసమే వారం వారం వెళ్ళాను. వానాకాలంలో రోడ్డంతా ఎర్ర బురదయినా చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళాను.

తర్వాత ఒక పని చేశాను. ప్రెసిడెంటుగారు నాతో తెలుగులో అన్న మాటను హిందీలోకి తిప్పి పంచడం మొదలుపెట్టాను. మొదట ఆ బెంగాలీ ఆవిడకు చెప్పాను, కూరగాయల సంతలో, బెండకాయలు ఏరుకుంటూ.

"ఊరి ముచ్చట్లు అన్నారే ఆ రోజు, అదేమిటో తెలుసా మీకు?"

విన్నాక ఆమె బెండకాయలు కింద పెట్టేసింది. "నేను నవ్వాను కదా" అంది, "అప్పుడు నేను నవ్వాను." ఆ శనివారం వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుంది. తర్వాత ఆసుపత్రి నర్సుకు చెప్పాను, బడి టీచరుకు చెప్పాను. ఒక్కొక్కరికీ ఒక్క అక్షరం కలపకుండా, తగ్గించకుండా చెప్పాను. ఎవరినీ రమ్మని పిలవలేదు. వాళ్ళే వచ్చారు. హోటలావిడ మా కోసం ఇంకో బెంచీ వేయించింది. క్లబ్బు లాన్లో కుర్చీలు ఖాళీగా ఉంటున్నాయని నర్సు కబురు తెచ్చినప్పుడు, దేవుడు నన్ను చూస్తున్నాడని తెలిసినా మనసారా నవ్వాను.

అలా ఉండగా ఒక పొద్దున మా క్వార్టరు ముందు జీపు ఆగింది. ప్రెసిడెంటుగారు స్వయంగా దిగింది. హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి చాలా పెద్ద ఆఫీసరు, ఆయన భార్య వస్తున్నారట. ఆవిడకు క్లబ్బులో టీ ఇవ్వాలి. ఆ గ్లాసు సంగతికి ముందటి క్రిస్మస్‌కు మేము వాళ్ళ బంగళాకు పంపిన కేకు ఆమెకు గుర్తుందట.

"అంత చక్కటి కేకు జగదల్‌పూర్ బేకరీలో కూడా దొరకదమ్మాయ్. నువ్వే చెయ్యాలి."

"కూర్చోండి, టీ పెడతాను" అన్నాను.

"వద్దొద్దు, ఇప్పుడే తాగి వచ్చాను."

మా ఇంటి టీ పనికిరాదు, మా ఇంటి కేకు కావాలి. నాకు లోపల ఎక్కడో చిన్న దీపం వెలిగినట్టయింది.

"చేస్తానండి. కానీ నేనే తెచ్చి, నేనే కోసి, అందరితోపాటు కూర్చుని టీ తాగుతాను."

"అయ్యో, దానికేముంది? తప్పకుండా!" అంది. జీపు ఎక్కేటప్పుడు నా భుజం తట్టబోయి, చెయ్యి గాలిలోనే ఉంచి, చీర కొంగు సర్దుకుంది.

నిజం చెప్తున్నాను, కేకు మనసు పెట్టి చేశాను. సంతలో గోండు ఆడవాళ్ళ దగ్గర సారపప్పు కొన్నాను. కిస్‌మిస్ నానబెట్టాను. పెద్ద డబరాలో ఇసక పోసి, దాని మీద కేకు గిన్నె పెట్టి, మూత మీద నిప్పులు పరిచి కాల్చాను. ఆమె మాట నిలబెట్టుకుంటే నేనూ నిలబెట్టుకునేదాన్నే. నిలబెట్టుకోదని నాకు తెలుసు, తెలిసే చేశాను. ఆ రెండూ నిజమే.

ఆ మధ్యాహ్నం నర్సూ నేనూ చెరొక కేకు గిన్నె పట్టుకుని క్లబ్బు గేటు దగ్గరికి వెళ్ళాం. క్లబ్బు నౌకరు, ఎప్పుడూ మర్యాదగా మాట్లాడే హల్బా తెగ మనిషి, ఎదురొచ్చాడు. నా కళ్ళలోకి చూడలేక నేల చూస్తూ, మేడమ్ వెనక తలుపు నుంచి రమ్మన్నారని హిందీలో చెప్పాడు. వెళ్ళాం. వంటింటి వరండాలోకి ప్రెసిడెంటుగారు హడావిడిగా వచ్చింది. మెడలో ముత్యాల దండ.

"అమ్మయ్య, తెచ్చావా? ఇక్కడ పెట్టెయ్. లాన్లో కుర్చీలు సరిపోలేదు. ఏమీ అనుకోకు, ఇంకోసారి కూర్చుందువుగాని."

"ఫరవాలేదండి" అన్నాను. "కేకు కూడా ఇంకోసారే తెస్తాను."

గిన్నె ఎత్తుకుని వెనక్కి తిరిగాను, నర్సు నా వెనకే. వచ్చిన దారిన పోలేదు. పక్కనుంచి చుట్టి లాన్లోకి వెళ్ళి, వరసగా వేసిన కుర్చీల ముందునుంచి నడిచాను. సగం కుర్చీలు ఖాళీ. మధ్యలో హైదరాబాదు ఆవిడ కూర్చుని ఉంది. వాసన తగిలిందేమో, తల తిప్పి హిందీలో "అది కేకా?" అని అడిగింది.

"అవును జీ" అన్నాను హిందీలోనే, అందరికీ వినపడేలా. "కానీ ఇది వెనక తలుపు కేకు. ముందువైపు కూర్చున్నవాళ్ళకు పెట్టడానికి ఒప్పుకోరు."

వెనక ప్రెసిడెంటుగారు నన్ను తెలుగులో పిలుస్తోంది. "అమ్మాయ్, అమ్మాయ్!" ఆ గొంతులో తియ్యదనం లేదు. ఆ పిలుపు విన్న చెవులు ఇవే. ఇప్పటికీ ఏమీ తోచని మధ్యాహ్నాల్లో గుర్తు చేసుకుంటాను, నోరూరుతుంది.

కేకు హోటల్లో కోశాం. మా ఆడవాళ్ళు తిన్నారు, లారీ డ్రైవర్లు తిన్నారు, సంత నుంచి బస్సు కోసం వచ్చిన వాళ్ళు తిన్నారు. హోటలావిడ చెయ్యి నడుము మీద పెట్టుకుని, "ఏంది వదినె, పెండ్లి గిట్ల ఉందా ఇయ్యాల?" అంటూ అందరికీ టీ తిప్పింది. క్లబ్బులో ఆ రోజు గ్లూకోజు బిస్కెట్లు పెట్టారట.

దానికి ధర పడింది. నెల తిరక్కుండా మా ఆయనను వర్క్‌షాపు నుంచి తీసి కొండ పైన రాయి పిండిచేసే క్రషర్ దగ్గర వేశారు. కాగితం మీద పాలనా కారణాలని రాశారు. రోజంతా ఆ దుమ్ములోనే. కొండ మీద నుంచి దిగివచ్చి, కనురెప్పల మీద కూడా ఎర్రగా, పెరట్లో కుళాయి కింద తల పెట్టేవాడు. ఒక రోజు తువ్వాలు అందిస్తుంటే అన్నాడు:

"పెద్ద సాబు పిలిచి అడిగాడే. నీ పెళ్ళాన్ని అదుపులో పెట్టుకోలేవా అని."

"మీరేటన్నారు?"

"మా ఆవిడ టీ తాగడానికెల్తాది సార్, దానికి అదుపేటి అన్నాను."

ఆ ఒక్క మాటకు నేను ఆ కుళాయి దగ్గరే కూర్చుని ఏడ్చాను.

పెద్ద ఇంజనీరు కుటుంబం తర్వాత బదిలీ మీద వెళ్ళిపోయింది. అప్పటికి క్లబ్బులో శనివారం టీ ఆగిపోయి చాలాకాలమైంది. మా ఆయన మాత్రం కొండ దిగలేదు. రిటైరయ్యేదాకా అక్కడే. దగ్గు పట్టుకుంది. జగదల్‌పూర్ డాక్టరు, దుమ్ము వల్లే అని ఖాయంగా చెప్పలేం, బీడీలు కూడా కారణం కావచ్చు అన్నాడు. మా ఆయన ఆ దగ్గుతోనే పోయాడు. ఒక కప్పు టీ దగ్గర పంతానికి పోయి మొగుడిని కొండెక్కించిందని మా ఆడపడుచు ఇప్పటికీ అంటుంది. కొండెక్కించింది నేను కాదు. ఎవరు ఎక్కించారో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఆ హోటలు టీకి అంత ధర పెట్టాల్సి వస్తుందని ముందే చెప్పి ఉంటే తాగేదానివా అని ఆడపడుచు ఒకసారి నిలదీసింది. వేరే మాట ఎత్తాను. తాగేదాన్నని చెబితే ఆమె తట్టుకోలేదు.

మొన్న మా చర్చిలో పాస్టరు గారు కూడికలో క్షమాపణ గురించి చెప్పి, తర్వాత నన్ను పక్కకు పిలిచారు. వయసు కుర్రాడు, మంచివాడు. ఎవరో చెప్పారట.

"అమ్మా, ఇంకా మనసులో పెట్టుకున్నారా? ఆవిడ ఎక్కడుందో, బతికి ఉందో లేదో. క్షమించేస్తే మీకే హాయి."

"నాకు హాయిగానే ఉంది బాబూ" అన్నాను.

రోజూ మోకాళ్ళూని ప్రార్థన చేస్తాను. మా ఆయన కోసం, పిల్లల కోసం, హోటలు నడిపిన తర్లగూడ ఆవిడ కోసం, బెంగాలీ ఆవిడ కోసం, చివరికి మా ఆయనను కొండ మీదికి పంపే కాగితం మీద సంతకం చేసిన పెద్ద ఇంజనీరు కోసం కూడా. ఆయన భార్య పేరు నాలుక మీదికి వస్తుంది. వచ్చిందాన్ని వచ్చినట్టే మింగి, ఆమెన్ చెప్పి లేస్తాను.