మాట్లాడినవారి పేర్లు

సార్ క్లాసులో లేనప్పుడు లీడరు బోర్డు దగ్గర నిలబడాలి. బోర్డుకి కుడివైపు నిలువుగా గీత గీసి, పైన ‘మాట్లాడినవారు’ అని రాసి, ఎవరు నోరు తెరిస్తే వాళ్ళ పేరు దాని కింద ఎక్కించాలి. రెండోసారి మాట్లాడితే పేరు పక్కన ‘ఇంటూ రెండు’, మూడోసారికి ‘ఇంటూ మూడు’. సార్ వచ్చి, ఇంటూ ఎంత ఉంటే అన్ని దెబ్బలు వేస్తారు. ఏం మాట్లాడారని అడగటం మా హైస్కూల్లో ఆనవాయితీ కాదు.

తొమ్మిదో తరగతిలో ఆ లీడర్ని నేను. లెక్కల్లో మార్కులు బాగా వస్తాయనీ చేతిరాత గుండ్రంగా ఉంటుందనీ నన్ను పెట్టారు. ‘పేనుకి పెత్తనమిస్తే తలంతా కొరికిందట’ అని మగపిల్లలు నాకు వినపడేలా అనేవాళ్ళు. అన్నవాళ్ళ పేర్లు కూడా రాసేదాన్ని. సామెత నిజమేనని ఇప్పుడు ఒప్పుకుంటాను.

మాది చిల్లకల్లు. హైస్కూలు జగ్గయ్యపేటలో. పొద్దున్నే హైవే మీద ఆటో ఎక్కితే, పేటలో దిగి ఒక పొడవాటి సందు గుండా నడిచి స్కూలుకి చేరాలి. నాన్న సిమెంటు ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేసేవాడు. నాన్న మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇకపై రాసేది చదివి ఆయన్ని తిట్టుకుంటారు. నేనూ తిట్టుకున్నాను, కానీ ఎక్కువసేపు కుదరలేదు.

అంతకు ముందు సంవత్సరం పెనుగంచిప్రోలులో మా పెద్దమ్మ కూతురి బ్యాగులో ఎవడో ఉత్తరం పెట్టాడు. అక్క అప్పుడు పదో తరగతి. మడత కూడా విప్పకుండా తీసుకెళ్ళి వాళ్ళమ్మ చేతిలో పెట్టింది. మంచి ఆడపిల్ల ఏం చెయ్యాలో అది చేసింది. వారం తిరక్కుండా అక్క చదువు మాన్పించారు. “తప్పు నీది కాదమ్మా, రోజులు మంచివి కావు” అన్నాడు పెదనాన్న. “ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకెళ్ళి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకేనే” అంది పెద్దమ్మ. ఉత్తరం పెట్టినవాడు ఆ మార్చిలో పరీక్షలు రాసి పాసయ్యాడు.

మేము వాళ్ళింటికి వెళ్ళి వస్తుంటే ఆటోలో నాన్న అమ్మతో అన్నాడు, నాకు వినపడాలనే అన్నాడు. “మన పిల్లకి అట్లాంటిదేమన్నా జరిగితే నేనూ అదే చేస్తా. రేపు జరగరానిది జరిగితే చదువేం చేసుకుంటాం?”

అందులో కోపం లేదు. రేపు వాన పడేట్టుంది అన్నంత మామూలుగా అన్నాడు. అమ్మ తల ఊపింది. నేను కూడా ఊపాను. ఆ రోజు నుంచీ నాకు ఒక్కటే తెలుసు: చెబితే చదువు పోతుంది. నాకు చదువు కావాలి. ఎందుకని అడిగితే పెద్ద ఆశయాలేమీ లేవు. ఇంట్లో ఉంటే అక్కలాగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే వాకిలి చూడాలి. అది నా వల్ల కాదు.

మా క్లాసు ఆడపిల్లలందరికీ ఇదే సూత్రం. ఆటోలో ఎవడో మోచెయ్యి ఆనించాడనీ, సందులో ఎవడో ఏదో కూశాడనీ మాలో మేము చెప్పుకునేవాళ్ళం, ఇవాళ ఎండ ఎక్కువగా ఉందే అన్నట్టు. విన్నవాళ్ళు కూడా అవునే అనేవాళ్ళు. అక్కడితో సరి.

ఇప్పుడు నేను నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. ఏడాదికోసారి పిల్లల చేత ఒక ఫారం నింపించమని పై నుంచి వస్తుంది. మీరు పాఠశాలలో సురక్షితంగా ఉన్నారా, మిమ్మల్ని ఎవరైనా వేధించారా, ఇలా ప్రశ్నలుంటాయి. పంచగానే ముందు బెంచీల్లోంచి ఒక చెయ్యి లేస్తుంది. “మేడమ్, ఏది టిక్కు పెట్టాలి?” మీకు అనిపించింది పెట్టండి అంటాను. సిలబస్‌లో లేనిది అడిగినట్టు నా వంక చూస్తారు. చివరికి అందరూ మొదటిదానికి అవును, రెండోదానికి లేదు పెట్టి ఇచ్చేస్తారు. నేను కట్ట కట్టి ఆఫీసులో ఇచ్చేస్తాను. ఆ కాగితాలు చూసి నాకు బాధ కలగదు. నేనైనా అదే పెట్టేదాన్ని.

తొమ్మిదిలో నా వెంట పడిన అబ్బాయి మా క్లాసే, వెనక నుంచి రెండో బెంచీ. నేను ఆటో దిగే వేళకి సందు మొదట్లో సైకిలు పట్టుకుని ఉండేవాడు. మొదట్లో పేరు పెట్టి పిలిచేవాడు. తర్వాత సైకిలు పక్కగా తెచ్చి హ్యాండిలు నా మోచేతికి తగిలించేవాడు. ఒక ఉదయం వెనక నుంచి చున్నీ పట్టి లాగాడు. భుజం దగ్గర పిన్నీసు పెట్టిన చోట గుడ్డ చిరిగింది. స్కూల్లో మగపిల్లల బాత్రూము గోడ మీద బొగ్గుతో వాడి పేరూ నా పేరూ కలిపి రాశాడని ఒక అమ్మాయి చెప్పింది. నేను చూడలేదు. ఆ గోడ దాటే ఆడపిల్లల బాత్రూముకి వెళ్ళాలి కనుక స్కూల్లో మంచినీళ్ళు తాగటం మానేశాను.

చున్నీ చిరిగిన రోజు మధ్యాహ్నం సోషల్ సార్ ఆఫీసు గదిలో ఉన్నారు. క్లాసు సగం గోలగోలగా ఉంది. వాడు మాత్రం మాట్లాడటం లేదు, కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నేను గీత గీసి, దాని కింద వాడి పేరు రాసి, పక్కన ఇంటూ నాలుగు పెట్టాను.

సార్ వచ్చారు. “దండం దశగుణం భవేత్” అన్నారు. ఆ ఒక్క సంస్కృతం ముక్కే ఆయనకి వచ్చు. చింతబరికెతో అరచేతి మీద నాలుగు పడ్డాయి. మొదటి దెబ్బకి వాడు నా వైపు చూశాడు. తర్వాత చూడలేదు. నాకు చాలా హాయిగా అనిపించింది. దాచటం ఎందుకు, అంత హాయి నాకు ఫస్టు ర్యాంకు వచ్చినప్పుడు కూడా లేదు.

అక్కణ్ణుంచి అదొక పద్ధతి అయింది. పొద్దున సందులో జరిగింది మధ్యాహ్నం బోర్డు మీదికి వచ్చేది. పేరు పెట్టి పిలిస్తే ఇంటూ రెండు, హ్యాండిలు తగిలిస్తే ఇంటూ నాలుగు. వాడు ఒక్కసారి కూడా “నేను మాట్లాడలేదు సార్” అనలేదు. అంటే పక్కవాళ్ళు అవునని సాక్ష్యం చెప్పేవాళ్ళు. అప్పుడు సార్, మరి ఆ అమ్మాయి ఎందుకు రాసిందిరా అని అడిగితే? అందుకని వాడు నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు. ఆ క్లాసులో ఏ ఇద్దరు స్నేహితుల మధ్యా లేనంత గుట్టు మా ఇద్దరి మధ్యా ఉండేది.

సంక్రాంతి సెలవులయ్యాక వాడు సందులోకి రావటం మానేశాడు. నేను ఆటో దిగేసరికి సందు ఖాళీగా ఉండేది. ఒకరోజు కాదు, పది రోజులు. భయపడ్డాడో, విసుగొచ్చిందో, వాళ్ళింట్లో ఎవరైనా మందలించారో తెలియదు. నాకైతే ఖాళీ సందు చూస్తే ఇంకా భయం వేసేది. ఏదో పెద్దదే అనుకుంటున్నాడని అనుమానం. బోర్డు మీద వాడి పేరు లేని రోజు, మర్నాడు పొద్దున మళ్ళీ వచ్చేస్తాడని గట్టిగా నమ్మాను. అందుకని రాస్తూనే ఉన్నాను. ఇంటూ రెండు, ఇంటూ మూడు. వాడు మానేశాడు, నేను మానలేదు.

ఆ రోజు ఇంటూ ఆరు రాశాను. ఆరు ఎందుకో నాకు తెలియదు. ఆ పొద్దున ఏమీ జరగలేదు. సార్ ఎవరితోనో గొడవపడి వచ్చినట్టున్నారు, ముఖం కందగడ్డలా ఉంది. బరికె కోసం వెతికారు, దొరకలేదు. “ఆరేంట్రా నీకు? బడికొచ్చేది మాట్లాడ్డానికేనా?” అంటూ చేత్తో ఒక్కటే కొట్టారు. ఎడమ చెవి మీద తగిలింది. వాడు పడిపోలేదు. బెంచీ మీద కూర్చుని, స్నానంలో చెవిలోకి నీళ్ళు పోయినప్పుడు చేసినట్టు నోరు పెద్దగా తెరిచి మూశాడు. మళ్ళీ తెరిచి మూశాడు. ఎవరో నవ్వారు. సార్ పాఠం మొదలుపెట్టబోతూ బోర్డు తుడవమన్నారు. తుడిచాను.

మూడు రోజుల తర్వాత నన్ను ఆఫీసు గదికి పిలిచారు. లోపల హెడ్మాస్టరు గారు, సోషల్ సార్, ఆ అబ్బాయి, వాళ్ళమ్మ ఉన్నారు. మా నాన్న కూడా ఉన్నాడు. రేపు ఎవరూ ఏమీ అనకుండా లీడరు తరఫున పెద్దవాళ్ళు కూడా ఉండాలని కబురు పంపారట. నాన్న డ్యూటీ మధ్యలో వచ్చినట్టున్నాడు, కనుబొమల మీద సిమెంటు అలాగే ఉంది. వాడిని విజయవాడ తీసుకెళ్ళి చూపించారనీ, కర్ణభేరి చిరిగిందనీ, ఆ చెవి వినపడటం కష్టమని డాక్టరు చెప్పారనీ అక్కడే తెలిసింది. వాళ్ళమ్మ మిరపకాయల కోత నుంచి తిన్నగా వచ్చింది. చేతులకి కారం ఉందని కళ్ళు మోచేత్తో తుడుచుకుంటోంది.

“ఆ రోజు వీడేం చేశాడమ్మా?” అన్నారు హెడ్మాస్టరు గారు.

“మాట్లాడాడండి.”

“ఎవరితో?”

“పక్కవాళ్ళతోనండి.”

వాడు మంచి చెవి మా వైపు తిప్పి, నేల చూస్తూ వింటున్నాడు. సోషల్ సార్ గొంతు సవరించుకుని, “వాడి బాగు కోరే కొట్టానమ్మా. నా పిల్లాడైనా అంతే” అన్నారు.

“మీరు కొట్టినందుక్కాదు సారూ” అంది వాళ్ళమ్మ. “చేర్పించిన రోజు నేనే చెప్పా, కళ్ళొదిలేసి తోలు తియ్యమని. చెవులు కూడా వదిలెయ్యమని చెప్పాలని నాకు తట్టలా.”

వెటకారంగా అనలేదు. నిజంగా తన పొరపాటే అన్నట్టు అంది. అప్పుడామె నా వైపు తిరిగింది.

“నిన్ను తప్పు పట్టట్లేదమ్మా. ఇంటికొచ్చి చెయ్యి చూపిస్తే రోజూ వాతలే. ఊరికే మాట్లాడితే రోజూ రాస్తారా ఎవరన్నా? నాకు ఒక్కటే చెప్పు. మావోడు నిన్నేమన్నా అన్నాడా?”

సార్లు, హెడ్మాస్టరు గారు, నాన్న, ఎవరూ అడగని ప్రశ్న అది. కొట్టించుకున్నవాడి తల్లి అడిగింది. అవునంటే, తన కొడుకు చెవికి కనీసం ఒక కారణం ఉందని ఆమె అనుకునేది. అవునంటే, ఆ సాయంత్రమే నా పుస్తకాల సంచి ఇంటికి వెళ్ళి ఇక తిరిగొచ్చేది కాదు. నాన్న నా ముఖం వంక చూస్తున్నాడు. నేను ఆయన చెప్పుల వంక చూశాను.

“లేదండి” అన్నాను.

వాడు తలెత్తాడు. నన్నే చూశాడు. ఆ ముఖంలో ఉన్నది కోపమో, బతికిపోయానన్న ఊరటో ఇప్పటికీ చెప్పలేను. “నేనేం అన్లేదమ్మా. పోదాం పద” అన్నాడు, గట్టిగా, తనకి తనే వినపడనట్టు. ఆమె వాణ్ణీ నన్నూ మార్చి మార్చి చూసింది. “మరి దేనికి?” అంది. ఎవరినీ అడగలేదు, ఊరికే అంది. కాసేపటికి ఇద్దరూ వెళ్ళిపోయారు.

తర్వాతి వారం టీసీ తీసుకుపోయారు. మళ్ళీ ఎక్కడా చేర్పించలేదని విన్నాను. చిరిగేది ఎప్పుడూ ఆకేనన్న మా పెద్దమ్మ సామెత మా ఇద్దరి విషయంలో తప్పింది. వాడు నా వెంట పడ్డాడు, అది అబద్ధం కాదు. మానేశాక కూడా నేను కొట్టించాను, అదీ అబద్ధం కాదు. ఈ రెండిట్లో ఏది చెప్పబోయినా రెండోది అడ్డం వస్తుంది. అందుకని ఏదీ చెప్పకుండా ఇన్నేళ్ళు ఉన్నాను. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కొన్నాళ్ళు చూశాను కూడా.

ఆఫీసు గదికి పిలిచిన రోజు సాయంత్రం నాన్న నన్ను బండి మీద ఇంటికి తీసుకొచ్చాడు. స్నానం చేసి వచ్చి, కంచం ముందు కూర్చున్నాక అమ్మతో జరిగింది చెప్పాడు. ఆ పిల్లాడి చెవి గురించి, అయ్యో పాపం అనుకున్నారు ఇద్దరూ. నిజంగానే అనుకున్నారు. తర్వాత నాన్న అన్నాడు.

“ఏదేమైనా ఆ స్కూలు మంచిదే. మాట్లాడినందుకే అట్లా కొట్టారంటే, ఇంక ఆడపిల్ల జోలికెవడొస్తాడు? పదితో ఆపేద్దామనుకున్నా గానీ, నాకిప్పుడు ధైర్యం వచ్చింది. నందిగామలో ఇంటర్ కూడా చదివిద్దాం.”

అమ్మ సంతోషంగా నా వైపు తిరిగి, “విన్నావా? చదువుకుంటావా మరి?” అంది.

“ఊఁ” అన్నాను. పెట్టిందంతా తిన్నాను. పెరుగు కూడా వేయించుకున్నాను.