నాన్న మా లెక్కల క్లాసుకి వచ్చిన రోజు

మొన్న గోపాలపట్నంలో మా అమ్మాయి ఇంట్లో ఉప్మా తింటూ తింటూ మనవరాలు చెంచా పళ్ళెంలో వదిలేసి కూర్చుంది. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. కాలేజీవాళ్ళు బాగా చదివే పిల్లల్ని ఏరి కట్టిన బ్యాచ్‌లో దాన్నీ వేశారు. ఆ బ్యాచ్ లెక్కలు తట్టుకోలేనివాళ్ళు మామూలు సెక్షన్‌కి మారవచ్చు, శనివారంలోగా చెప్పండి అని ఫోనుకి మెసేజి వచ్చిందట. వాళ్ళమ్మ ఉండమంటోంది, వాళ్ళ నాన్న నీ ఇష్టం అంటున్నాడు. నీకేమనిపిస్తోందే అని నేనడిగితే, "ఏమీ అనిపించట్లేదు అమ్మమ్మా" అంది. విసుగ్గా అనలేదు, బాధగానూ అనలేదు. ఆ గొంతు నాకు తెలుసు. ఇంచుమించు దాని వయసులో నాకూ ఉండేది.

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మన రోజుల్లో హైస్కూల్లోనే లెక్కలు రెండు రకాలు. కాంపోజిట్ లెక్కలు తీసుకున్నవాళ్ళు ఇంజినీర్లు అవుతారనీ, జనరల్ లెక్కలు తీసుకున్నవాళ్ళు ఏదో ఒకటి అవుతారనీ పెద్దవాళ్ళు అనుకునేవారు. మాది గోదావరి జిల్లా. నాన్నకి విశాఖపట్నం పోర్టులో క్రేను మీద పని దొరికితే, నా చిన్నప్పుడే మూటాముల్లె సర్దుకుని వచ్చేశాం. తొమ్మిదో తరగతిలో నన్ను కాంపోజిట్‌లోనే చేర్చాలని పట్టుబట్టింది అమ్మ. ఆవిడకి సంతకం పెట్టడం వచ్చు, అంతే. కానీ కష్టమైన చదువంటే మంచి చదువే అయ్యుంటుందని ఆవిడ నమ్మకం. ఆ తరగతిలో ఆడపిల్లలం ఇద్దరమే, నేనూ, నా పక్కన కూర్చునే స్నేహితురాలూ. వాళ్ళు క్రైస్తవులు, వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు. మేమిద్దరం మగపిల్లలతో పోటీపడి లెక్కలు చేసేవాళ్ళం, నిజం చెప్పాలంటే వాళ్ళకంటే ముందే చేసేసి కబుర్లు చెప్పుకుంటూ కూర్చునేవాళ్ళం.

ఆ ఏడు వానల్లో అమ్మకి జ్వరం వచ్చింది. ముందు ఒకటన్నారు, తర్వాత మరొకటన్నారు, ఏదని తేలేలోపలే పోయింది. నేను ఏడవలేదు. పిల్ల బిగుసుకుపోయింది, ఎలాగైనా ఏడిపించండి అని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అమ్మ చీరలు తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. నేను వాటిని మడతపెట్టి పెట్టెలో సర్దేశాను. కర్మకాండలు అయ్యాక బడికి వెళ్ళాను. మాస్టారు బోర్డు మీద సిద్ధాంతం నిరూపిస్తుంటే సుద్దముక్క కదలడం కనిపించేది, ఆయన గొంతు వినిపించేది, రెండూ కలిసి ఒక అర్థంగా మారేవి కావు. అందుకు బెంగ కూడా ఉండేది కాదు.

మాకు వండిపెట్టడానికి ఊరినుంచి వచ్చిన మేనత్త, ఆడపిల్లకి ఇన్ని లెక్కలెందుకు, మానిపించెయ్యి అని నాన్నతో రోజూ అనేది. లెక్కల మాస్టారు మంచివారు. నన్ను పక్కకి పిలిచి, అర్ధ సంవత్సర పరీక్షలు దాటితే మారడానికి వీలుండదమ్మా, ఆలోచించుకో అన్నారు. ఆలోచించడానికి కూర్చునేదాన్ని, ఏమీ వచ్చేది కాదు. స్నేహితురాలు మాత్రం ఒకరోజు మంచినీళ్ళ కుళాయి దగ్గర, "నువ్వెల్లిపోతే ఆ బెంచీ మీద నానొక్కదాన్నే కూకోవాలేటి?" అంది. కాసేపాగి, తనే మళ్ళీ, "పర్లేదులే. నీకు బాగోపోతే ఎల్లిపో" అంది.

ఇంతలో ఒక ఉదయం, రాత్రి డ్యూటీ దిగిన నాన్న ఇంటికి పోకుండా, గ్రీజు మరకల ఖాకీ బట్టలతోనే మా తరగతి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అమ్మాయి చదివే లెక్కలేమిటో ఒకసారి చూసి పోతానండీ అని మాస్టార్ని అడిగాడు. ఆయన ఒక్క క్షణం తెల్లబోయి, చివరి బెంచీ చూపించారు. పిల్లలు కిసుక్కుమన్నారు. నాన్న ఆ చిన్న బెంచీలో మోకాళ్ళు ఇరికించుకుని, చేతులు కట్టుకుని, పీరియడంతా బోర్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఒకటి రెండుసార్లు నిద్రకి తల వాలిపోతే ఉలిక్కిపడి సర్దుకున్నాడు. వేరే రోజుల్లో అయితే నాకు సిగ్గుతో ప్రాణం పోయేది. ఆ రోజు అదీ అనిపించలేదు.

గంట కొట్టాక వరండాలోకి పిలిచాడు.

"నాకేం తెలీలేదమ్మా. నీకు తెలిసిందా?"

"లేదు నాన్నా."

"ఇంతకుముందు తెలిసేదా?"

"తెలిసేది."

నాన్న చేతిరుమాలుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత, "అయితే ప్రస్తుతానికి ఈ లెక్కలు మానెయ్యి తల్లీ. మీ అమ్మ ఏమీ అనుకోదు" అన్నాడు. అమ్మ పోయాక నాన్న ఆవిడ మాట ఎత్తడం అదే మొదటిసారి. నేను తలూపాను. నాన్న నా నెత్తిమీద చెయ్యి వేసి, ఇంటికి నిద్రకి వెళ్ళిపోయాడు.

మర్నాటినుంచి జనరల్ లెక్కలకి వెళ్ళాను. కిటికీలోంచి చూస్తే అవతలి వరండా గదిలో స్నేహితురాలు ఒక్కతే బెంచీ మీద కనిపించేది. ఆమె ఆ లెక్కల్లోనే నిలబడింది, తర్వాత కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైంది. నన్ను వాళ్ళమ్మ వెంటబెట్టుకుని నర్సు ట్రైనింగులో చేర్పించింది. ఆ పనిలోనే నా జీవితమంతా గడిచింది, బాగానే గడిచింది. అయితే చెప్పాల్సింది అది కాదు. వేసవి సెలవులు దగ్గరపడుతుండగా ఒక మధ్యాహ్నం, ఇంత పొడుగూ ఇంత వెడల్పూ ఉన్న గది నేలకి ఎన్ని బండలు పడతాయి అని ఒక లెక్క ఇచ్చారు. చిన్న లెక్క. చేశాను, ఆన్సరు సరిపోయింది. సరిపోయిందని తెలిసిన మరుక్షణం ఏడుపు ముంచుకొచ్చింది. తప్పయిందనుకుని టీచరు పుస్తకం తీసుకుని చూసి, అంతా సరిగ్గానే ఉంది కదమ్మా అన్నారు. అప్పుడింకా ఎక్కువ ఏడ్చాను. ఆవిడ ఇంకేమీ అడగకుండా నా పక్కన కూర్చున్నారు.

ఇదంతా చెబితే మనవరాలు విన్నది. మా అల్లుడూ విన్నాడు. అతనికి ఆటోనగర్‌లో వర్క్‌షాపు ఉంది. మర్నాడు పని ఆపుకుని కాలేజీకి వెళ్ళాడు, ఒక్క క్లాసు చూసి వస్తానని. గేటు దగ్గరే ఆపేశారట, తల్లిదండ్రులకి లోపలికి ప్రవేశం లేదు, ఏదున్నా యాప్‌లో పెట్టండి అన్నారట. శనివారం మనవరాలు సోఫాలో కూర్చుని ఫోనులోనే సెక్షన్ మార్చుకుంది. నిమిషం కూడా పట్టలేదు. మారినట్టు మెసేజి వచ్చింది. నాకు చూపించి, స్నానానికి వెళ్ళిపోయింది.

అది చేసింది తప్పో ఒప్పో నాకు తెలియదు, అడగనూ లేదు. దానికీ ఏదో ఒకరోజు, ఏదో ఒక చిన్న విషయం దగ్గర, అన్నీ ఒక్కసారిగా అనిపిస్తాయి. మా రోజుల్లో చదువు తెలియనివాళ్ళు కూడా తరగతిలోకి వచ్చి పిల్లల వెనక కూర్చోగలిగేవారు. ఇప్పుడు అంతా చదువుకున్నవాళ్ళమే, గేటు బయట నిలబడి ఉన్నాం.